చిల్లుల ఆకు

ప్రయోగశాలలో ఆమెకు జల్లెడ అని పేరు. మొహాన ఎవరూ అనరు, వెనక అందరూ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకుంటుంది, ఎందుకంటే లోలోపల ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వమే. పద్దెనిమిదేళ్ళుగా ఆ భవనంలోకి వచ్చిన ప్రతి ఆకూ, బెరడూ, వేరూ ఆమె చేతుల మీదుగానే లోపలికి వెళ్ళాయి. మట్టి అంటిన వేరును గడప దాటనివ్వదు. పక్క మొక్క ఆకు ఒక్కటి కలిసిందని అనుమానం వస్తే చాలు, గోనె మొత్తం బల్ల మీద కుమ్మరించుకుని కూర్చుంటుంది. ఏరడం పూర్తయ్యేదాకా ఆమెకు ఆకలి వేయదు, పక్కవాళ్ళకు వేసినా ఒప్పుకోదు.

వెనక గేటు పక్కన సరుకు దించుకునే గది ఆమెది. ఒక సిమెంటు బల్ల, ఒక కాటా, గోడకు వరసగా వేలాడే జల్లెళ్ళు, మూలన కారుతూ ఉండే కుళాయి. అక్కడ ఏరిన ఆకు పై అంతస్తుకు వెళ్ళి ఎండుతుంది, పొడి అవుతుంది, స్పిరిట్‌లో నానుతుంది. వడగట్టిన రసాన్ని సన్నటి వేడి మీద తిప్పుతూ స్పిరిట్ అంతా ఆవిరి చేస్తే అడుగున నల్లటి జిగురు మిగులుతుంది. ఆ జిగురు పట్టించిన కాగితపు బిళ్ళను క్రిములు పెంచే గాజు పళ్ళెంలో పెడతారు. మర్నాటికి బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి గుండ్రంగా ఖాళీ కనిపిస్తే ఆ మొక్కలో మందు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వందల మొక్కలు వచ్చాయి, పోయాయి. నిరుడు ఒక్క మొక్కకు మాత్రం సీసా మూతంత ఖాళీ వచ్చింది. అవి ఏ మందుకూ లొంగని పుండ్లలోంచి తీసిన క్రిములు. ఆ రోజు సారు, అంటే ఆ ప్రయోగశాలకు పెద్ద, మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చి "ఎవరు తెచ్చారమ్మా ఈ ఆకు?" అని అడిగాడు.

"మా అక్కే సార్" అంది ఆమె.

అక్క కాలవగట్టు వెంట పెరిగే పొదల్లో ఆ ఆకు కోసి, ఇంటి దగ్గరే నీడన ఆరబెట్టి, చేత్తో నలిపి గోనెల్లో తెచ్చేది. ఏడాదంతా అలాగే నడిచింది. ఈ ఏడు సారు కొత్త ఆర్డరు వేశాడు. ఆకు పచ్చిగానే రావాలి, ఆరబెట్టడం ఇక్కడ కొత్త మిషనులో జరగాలి.

ఆ మంగళవారం అక్క మొదటిసారిగా పచ్చి ఆకు తెచ్చింది. తడిగోనె మూతి విప్పి బల్ల మీద కుమ్మరించగానే జల్లెడ చెయ్యి ఆగిపోయింది. ఒక ఆకు తీసి వెలుతురుకు పెట్టింది. దాని చిల్లులోంచి కిటికీ కమ్మీ కనిపించింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. చిల్లులు, కొరుకుళ్ళు, అరిగిపోయిన అంచులు. ఒకటీ అరా కాదు, గోనెడూ అదే.

"ఏంటక్కా ఇది?"

"ఏంటేముందే, నువ్వడిగిన ఆకే" అంది అక్క, మోచేత్తో నుదురు తుడుచుకుంటూ. పొద్దున్నే బయలుదేరినట్టుంది, కాళ్ళకు కాలవగట్టు బురద ఇంకా ఎండలేదు.

సంతకం కోసం అటు వచ్చిన స్టోర్సు ఆఫీసరు తలుపు దగ్గర ఆగాడు. తన పని తాను చూసుకుపోయే రకం కాదు ఆయన. ఒక ఆకు తీసి కంటికి ఆనించుకుని, దాని చిల్లులోంచి జల్లెడను చూశాడు.

"అక్కగారి సరుకాండీ? అయితే సరే, సరే" అన్నాడు నవ్వుతూ.

ఆ రెండు సరేలూ జల్లెడకు చెంప మీద కొట్టినట్టు తగిలాయి. అక్కకు ఈ పని ఇప్పించినప్పటినుంచీ ఈ మాట ఎప్పుడు వినాల్సి వస్తుందా అని ఆమె భయపడుతూనే ఉంది.

"పొదలో మంచి ఆకే లేదా?" గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. "ఎవరో పారేసింది ఊడ్చుకొచ్చినట్టుంది."

"లేకేం, బోలెడుంది. అది కాదే, నేను చెప్పేది విను. ఇవే..."

"నేను వినేదేం లేదు. చెల్లెలే కదా, ఏం తెచ్చినా తీసుకుంటుందిలే అనుకున్నావా? ఇది ఇల్లు కాదు."

అక్క నోరు తెరిచింది. స్టోర్సు ఆయన వైపు చూసింది, మెట్ల మీద ఆగి చూస్తున్న రీసెర్చి అమ్మాయి వైపు చూసింది, నోరు మూసుకుంది. జల్లెడ కాగితం తీసి ఎర్ర సిరాతో రాసింది: పురుగు కొట్టిన ఆకు, పనికిరాదు, తిరస్కరించడమైనది. కింద సంతకం పెట్టి గోనెకు గుచ్చింది.

అక్క ఆకునంతా మళ్ళీ గోనెలోకి ఎత్తుకుంది. నేల మీద పడ్డవాటిని కూడా వదలకుండా వంగి ఏరుకుంది. ఎవరూ సాయం పట్టలేదు, జల్లెడ అసలే పట్టలేదు. పడితే మళ్ళీ అక్క కాబట్టి అంటారు.

వారం తిరక్కుండానే ఆ పని వ్యానున్న ఒక కాంట్రాక్టరు చేతికి పోయింది. అతని ఆకు నవనవలాడుతూ, ఒక్క మచ్చ లేకుండా వచ్చింది. జల్లెడకు ముచ్చటేసింది.

*

నెలన్నర పోయాక ఒక సోమవారం పొద్దున సారు ఆమెను పైకి పిలిపించాడు. బల్ల మీద నాలుగు గాజు పళ్ళేలు వరసగా ఉన్నాయి. నాలుగింటిలోనూ క్రిములు పాల మీద మీగడలా అంచుదాకా పరుచుకుని ఉన్నాయి. మధ్యన కాగితపు బిళ్ళ ఎందుకొచ్చిందో తెలియని చుట్టంలా కూర్చుని ఉంది. దాని చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ లేదు.

"ఇది మూడోసారి" అన్నాడు సారు. కోపం వస్తే ఆయన అరవడు, మాట నెమ్మదిస్తుంది. "నిరుడు మూతంత ఖాళీ ఇచ్చిన మొక్క ఇది. ఇప్పుడు క్రిములు దాని మీదెక్కి కాపురం చేస్తున్నాయి. మొక్క మారలేదు, నేనే వెళ్ళి చూసొచ్చాను. మరి ఏం మారిందమ్మా?"

రీసెర్చి అమ్మాయి తన చెప్పుల వైపు చూసుకుంది. స్టోర్సు ఆయన తిన్నగా జల్లెడ వైపే చూశాడు.

"నా చేతుల్లో ఏ తేడా లేదు సార్."

"ఉందని నేననలేదు. కానీ నిరుడు వచ్చిన ఖాళీ మొక్క వల్ల వచ్చిందా, సరిగ్గా కడగని జాడీ వల్ల వచ్చిందా అని పైవాళ్ళు అడుగుతున్నారు. శుక్రవారం వాళ్ళే వస్తున్నారు. అప్పటికి చూపించడానికి ఏమీ లేకపోతే ఈ మొక్క పని మూసేయమంటారు. దానితోపాటు కింది గది కూడా."

జాడీలు కడిగేదీ ఆమే. జాడీ కడగలేదట. పద్దెనిమిదేళ్ళలో ఆమె చేతి జాడీలో ఎవరైనా మొహం చూసుకోవచ్చు. అంతమందిలో తల కొట్టేసినట్టయింది. ఏదో అనబోయి, ఏమన్నా ఏడుపే వస్తుందని తెలిసి, కిందికి దిగి వచ్చేసింది.

వచ్చిన ప్రతి సరుకులోంచీ ఒక పిడికెడు తీసి సీసాలో పోసి, చీటీ అంటించి దాచడం ఆమె పెట్టుకున్న నియమం. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. నిరుటి సీసా వెతికి తీసింది. బల్ల మీద తెల్లకాగితం పరిచి, నలిగిన ఆకును సన్న జల్లెట్లో పోసి, దుమ్ము రాల్చి, మిగిలిన ముక్కలను భూతద్దం కింద ఒక్కొక్కటిగా జరిపింది. వేరే మొక్క ఆకు కలిసి ఉంటుందని ఆమె అనుమానం. ఒక్కటీ కనిపించలేదు. చేతితో నలిపినప్పుడు విరిగిన అంచులు సూటిగా ఉన్నాయి, లోపల పచ్చగా ఉన్నాయి. కానీ చాలా ముక్కలకు ఇంకో రకం అంచు ఉంది. అరచందమామలా వంపు తిరిగి, చుట్టూ గోధుమరంగు గీత. గాయం మానిన చోట పెచ్చు కట్టినట్టు.

కోసిన ఆకును పురుగు కొరికితే పెచ్చు కట్టదు. కొరికాక కూడా ఆ ఆకు కొమ్మ మీదే బతికి ఉండాలి. జల్లెడ ముక్కలను రెండు కుప్పలు చేసింది. గంటన్నర పట్టింది. పెచ్చు కట్టిన అంచులున్న కుప్ప అరచేతినిండా ఉంది, లేని కుప్ప చిటికెడు. తర్వాత కాంట్రాక్టరు ఆకు సీసా తీసింది. దాన్లో అలాంటి అంచు ఒక్కటంటే ఒక్కటి లేదు.

అంటే నిరుడు కూడా గోనెడూ చిల్లుల ఆకే. నలిపి తెచ్చింది కాబట్టి కనిపించలేదు. సీసా మూతంత ఖాళీ ఇచ్చింది ఆ ఆకే. "ఇవే" అని అక్క మొదలుపెట్టి ఆపేసిన మాట చెవిలో పడింది. ఆ మాటకు అవతల ఏముందో వినడానికి తనకు ఎంతసేపు పట్టేది? జల్లెడకు సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన సిటీ బస్సు కండక్టరు. రోజంతా జనంతో అరిచి వస్తాడు కాబట్టి ఇంట్లో గుసగుసగా మాట్లాడతాడు.

"నోరు మూసుకుని కూర్చో" అన్నాడు. "కొత్త మిషను వేడెక్కువైందేమో అని ఓ మాట విసిరెయ్. మిషను కాదనదుగా. నువ్వే వెళ్ళి తప్పు నాదని చెప్పడమంటే, నీ చేత్తో నువ్వు సంతకం పెట్టి ఇచ్చినట్టే."

"పెట్టే ఉంది" అంది ఆమె. "ఎర్ర సిరాతో."

*

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద ఒకే ఒక్క గది అక్కది. బావ పోయి ఏడేళ్ళయింది. ఇప్పుడు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోందని విన్నదే కానీ జల్లెడ ఆ తర్వాత ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మంగళవారం సగం రోజు సెలవు పెట్టి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. అక్క నేల మీద కూర్చుని అరచేతులకు నూనె రాసుకుంటోంది. బ్లీచింగు నీళ్ళకు వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి తెల్లగా లేచింది.

రమ్మనలేదు, పొమ్మనలేదు. మంచం మీది బట్టలు కాస్త పక్కకు జరిపింది. అది కూర్చోమనడమో, చోటు లేదనడమో తేల్చుకోలేక జల్లెడ గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు."

"ఏ రోజు?"

"తెలియనట్టు అడక్కు."

"నన్ను అంత మాట అన్నదానివి, నేనొక మాట తెలియనట్టు అడిగితే నొచ్చుకుంటావా?"

అక్క నూనె సీసాకు మూత బిగించింది. బిగించడానికి వేళ్ళు సహకరించక, రెండు మణికట్ల మధ్య పెట్టి తిప్పింది.

"మందు కావాలన్నారు మీరు" అంది చివరికి. "మందంటే నాకేం తెలుసు? మొదటి రోజు ఒక ఆకు నమిలాను. గడ్డి. పురుగు కొరికింది ఒకటి నమిలాను. సాయంత్రం దాకా నాలుక నాది కాదు, అంత చేదు. ఆ పొదను పురుగు కొరికితే దానికీ రోషం వస్తుందే. ఒంట్లోంచి ఏదో తీసి అక్కడ పోస్తుంది, మళ్ళీ కొరక్కుండా. సరే, మందు ఉన్నది ఇదన్నమాట అనుకుని అవే ఏరాను."

"ఒక్కొక్కటీనా?"

"మరి? మంచి ఆకు కోయడం ఎంతసేపే? కొమ్మ పట్టుకు దూస్తే గోనె నిండుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కో ఆకు తిప్పి చూసి, అంచు తడిమి గిల్లేదాన్ని. నిన్న కొరికింది కూడా పనికిరాదు, ఇంకా చేదెక్కదు. మూడు రోజులు పోయి అంచు గోధుమరంగు తిరగాలి. అదే ఆకు."

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పనిచ్చావా?"

జల్లెడ వచ్చి మంచం అంచున కూర్చుంది. పైవాళ్ళు వస్తున్నారని, పళ్ళేలు నిండిపోయాయని, జాడీ కడగలేదన్నారని అంతా చెప్పింది. చెబుతుంటే ఇదంతా తన బాధే అని, అక్క బాధ ఎక్కడా లేదని తనకే తెలిసింది.

"ఒక్క గోనె కావాలక్కా. ఈ రోజే. ఈసారి నీ పని నీకిప్పిస్తాను. నా పూచీ."

"నీ పూచీ" అంది అక్క. తర్వాత లేచి, మేకుకున్న గోనె తీసి దులిపింది.

కాలవగట్టు మీద ఎండ పచ్చబడేదాకా ఇద్దరూ ఏరారు. జల్లెడకు బల్ల మీద ఏరడం తెలుసు కానీ పొదలో ఏరడం తెలియదు. కొమ్మలు మొహానికి కొట్టుకున్నాయి. ఆమె గిల్లిన ఆకు చూసి అక్క చేతి మీద ఒక్కటి వేసింది, చిన్నప్పుడు వేసినట్టే.

"అది నిన్నటిది. పారెయ్. నీ జల్లెడ పేరు ఎవరు పెట్టారో కానీ, అన్నీ దిగిపోతున్నాయి."

"నీకెలా తెలుసు ఆ పేరు?"

"నీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు తెలియనిదేముంది?" అక్క నవ్వింది. జల్లెడ కూడా నవ్వింది. చిల్లుల ఆకు ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. చేదు నాలుకను దాటి గొంతులోకి, గొంతు దాటి చెవుల్లోకి పాకింది. ఉమ్మేస్తే అక్క నవ్వుతుందని మింగేసింది.

*

బుధవారం ఆకు ఎండింది, ఆ రాత్రంతా స్పిరిట్‌లో నానింది. గురువారం పొద్దున జిగురు తేలింది, మధ్యాహ్నానికి బిళ్ళలు పళ్ళేల్లోకి ఎక్కాయి. జాడీలు ఆమె మూడుసార్లు కడిగింది, రీసెర్చి అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని మరీ కడిగింది. కాంట్రాక్టరు ఆకునూ పక్కనే అదే తీరున నడిపించింది.

శుక్రవారం పొద్దున పళ్ళేలు ఉంచిన వెచ్చటి పెట్టె తలుపు తీసింది రీసెర్చి అమ్మాయి. తీసి, పక్కకు తప్పుకుంది. కాంట్రాక్టరు ఆకు పళ్ళెం మీగడ కట్టి ఉంది. అక్క ఆకు పళ్ళెంలో బిళ్ళ చుట్టూ ఖాళీ సీసా మూతను దాటిపోయింది. అద్దం కడిగినట్టు ఉంది ఆ చోటు.

పైవాళ్ళు ముగ్గురు వచ్చారు. పళ్ళెం చేతులు మారింది. సారు మొహం విప్పారింది. అప్పుడు జల్లెడ మొత్తం చెప్పింది. ఆ రోజు తాను ఏం రాసిందో, అక్కను ఎలా పంపించిందో, అక్క నమిలి తెలుసుకున్నదేమిటో, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ స్టోర్సు ఆయన పళ్ళెం వైపే చూస్తూ ఉన్నాడు. సారు చకచకా రాసుకున్నాడు. రెండుచోట్ల మాత్రం ఆపాడు.

"మూడు రోజులు అన్నారా ఆవిడ? మూడే?"

"మూడే సార్."

"ఏ పురుగో ఆవిడకు తెలుసా?"

"తెలుసు సార్. ఆకుపచ్చది, వీపు మీద తెల్ల చార."

సారు కలం మూసి, బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. అంత సంతోషం ఆయన మొహాన నిరుడు కూడా లేదు. పైవాళ్ళలో పెద్దాయన "ఇది మొక్క కథ కాదు, పురుగు కథ" అన్నాడు. అందరూ నవ్వారు. జల్లెడ కూడా నవ్వింది. ఎన్నో రోజులకు గుండె బరువు దిగినట్టయింది.

"మీ అక్కగారిని సోమవారం రమ్మనండి" అన్నాడు సారు.

"ఎన్ని గోనెలు సార్?"

"ఆకు కాదమ్మా. పురుగులు."

అర్థం కాక ఆమె నిలబడిపోయింది. పైవాళ్ళు టీలకు లేచాక రీసెర్చి అమ్మాయి పక్కకు వచ్చి విడమరిచి చెప్పింది. మంచి పిల్ల, ఎవరికీ అర్థం కాకుండా వదలదు.

"షెడ్డులో మొక్కలు పెంచుతాం మేడమ్. పురుగులు వదిలితే మూడు రోజుల్లో అన్ని ఆకుల్లోనూ మందు తయారు. తర్వాత ఆ పురుగు ఉమ్ములో ఏముందో పట్టుకుంటే పురుగు కూడా అక్కర్లేదు. అది మొక్కల మీద చల్లితే సరిపోతుంది. ఏడాదంతా, వానా ఎండా తేడా లేకుండా."

"మరి ఏరేవాళ్ళు?"

ఆ అమ్మాయికి ప్రశ్న వెంటనే అందలేదు. "అన్ని ఆకులూ ఒక్కలాగే ఉంటాయి కదా మేడమ్. ఇంక ఏరడం దేనికి?"

సారు గది బయట జల్లెడ అరగంట నిలబడింది. పిలిచాక లోపలికి వెళ్ళి, అక్క సంగతి ఏం చేస్తారని అడిగింది. అడగడానికి ఆమెకు చాలానే ధైర్యం కావాల్సి వచ్చింది.

"అయ్యో, ఆవిణ్ణి మర్చిపోతామా? పరిశోధన పేపరు వేసినప్పుడు చివర కృతజ్ఞతలు చెబుతాం."

"ఏ పేరుతో సార్?"

"పేరు ఎందుకమ్మా, మొత్తం స్థానిక సేకరణకర్తలకు అని రాస్తాం. గౌరవంగా ఉంటుంది." సారు కాగితాల్లోకి తల దించి, మళ్ళీ ఎత్తాడు. "కింది గది ఉంటుంది. మీరేం భయపడకండి. మీ నియమం వల్లే కదా ఇదంతా బయటపడింది."

ఆ మెచ్చుకోలు కోసం ఆమె పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసింది. వచ్చింది. నోట్లో మొన్నటి ఆకు ఇంకా ఉన్నట్టే అనిపించింది.

సాయంత్రం అక్కకు ఫోను చేసింది. పళ్ళెం సంగతి చెప్పింది. అక్క గట్టిగా నవ్వడం వినిపించింది, వెనక ఎవరో ఉతుకుతున్న చప్పుడు వినిపించింది.

"సోమవారం పురుగులు పట్టుకు రావాలటక్కా. ఆ చారల పురుగులు."

"పురుగులా? వాటినేం చేసుకుంటారే?"

"పరీక్షకట" అంది జల్లెడ. మిగతాది ఫోనులో చెప్పే మాట కాదని తనకు తాను నచ్చజెప్పుకుంది.

*

సోమవారం అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చింది. చంకన ఒక ప్లాస్టిక్ తొట్టి, దాని మూతికి పువ్వుల గుడ్డ బిగించి తాడుతో కట్టింది. తొట్టిని బల్ల మీద దించి, గుడ్డకు చెవి ఆనించి విని, తృప్తిగా తలాడించింది.

"వంద దాకా ఉంటాయి. శనివారమంతా పట్టాను."

రీసెర్చి అమ్మాయి నోటుబుక్కుతో పరుగున దిగి వచ్చింది. అక్క ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. వాడిన ఆకు తినవు, పొద్దునా సాయంత్రం మార్చాలి. తడి తగిలితే చస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కేంత ఇరుకు పెట్టకూడదు. ఒళ్ళు పసుపు తిరిగితే గూడు కట్టుకోబోతున్నట్టు, ఇక అది ఆకు ముట్టదు. పట్టుకునేటప్పుడు నడుం దగ్గర కాదు, ఆకుతో సహా ఎత్తాలి. రీసెర్చి అమ్మాయి అన్నీ రాసుకుని, "మీరు టీచరై ఉండాల్సిందండీ" అని, వలపెట్టె తెస్తానని పైకి వెళ్ళింది.

అక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. పగుళ్ళకు నీళ్ళు తగిలి చురుక్కుమంది, కానీ మొహం వెలిగిపోతోంది.

"ఆ ఉతుకుడు పని మానేశానే నిన్న" అంది. "ఇంకో వారం చేయమన్నారు. నా వల్ల కాదన్నాను. ఇంక నీ గేటు దగ్గరే కదా ఉండేది. గోనెలు ఎప్పటినుంచి తేనూ, రేపట్నుంచా?"

అబద్ధం ఒకటి జల్లెడ నాలుక చివర సిద్ధంగా ఉంది: కబురు చేస్తాలే అక్కా. ఆ మాట అంటే అక్క ఇంటికెళ్ళి కబురు కోసం ఎదురుచూస్తుంది. ఎన్నాళ్ళైనా చూస్తుంది. బల్ల అంచు పట్టుకుని, అక్క మొహంలోకి చూడకుండా, షెడ్డు సంగతి చెప్పింది. మొక్కలు, పురుగులు, పురుగు ఉమ్ము, ఏరనక్కర్లేని ఆకులు. కృతజ్ఞతల సంగతి కూడా చెప్పింది. చెప్పాక అది చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

అక్క చేతులు తుడుచుకోవడం ఆపి విన్నది. అడ్డు రాలేదు. కుళాయి కారుతూనే ఉంది, దాన్ని బిగించింది. అయినా కారింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"నేను పని మానేసింది ఆదివారం."

"ఫోనులో చెప్పలేకపోయానక్కా."

"అవునులే. ఫోనులో పురుగులడగడం వరకే వచ్చు." అక్క గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే జల్లెడకు కాస్త నయంగా ఉండేది. "ఆ రోజు నువ్వు నన్ను పదిమందిలో దొంగను చేశావు. ఇంటికెళ్ళి ఏడ్చాను. ఏడుస్తూ కూడా ఒక మూల అనుకునేదాన్ని, దీనికి ఎప్పుడో ఒకప్పుడు తెలిసొస్తుంది, అప్పుడు పిలుస్తుంది అని. నెలన్నర ఆ దుప్పట్లన్నీ ఆ మాట మీదే ఉతికాను. ఇవాళ నీకు అంతా తెలిసింది. ఇంక పిలవడానికేం లేదు."

"నేను సారుతో మళ్ళీ మాట్లాడతాను. షెడ్డులో ఏదైనా..."

"వద్దు."

అక్క సంచి భుజాన వేసుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది.

"ఆ గుడ్డ నాది. ఇచ్చెయ్."

"పురుగుల్ని కూడా తీసుకుపో అక్కా. ఇవ్వకు వాళ్ళకి. నేను చెప్పుకుంటాను."

"తీసుకుపోయి నేనేం చేసుకోను, కూర వండుకోనా? పొదలో ఇంకా వేలున్నాయి. నేనివ్వకపోతే రేపు ఆ వ్యానువాడు తెస్తాడు. గుడ్డ ఇవ్వు."

"తీస్తే పాకుతాయి. పెట్టె వచ్చేదాకా ఉండక్కా, ఒక్క నిమిషం."

అక్క ఉండలేదు. తానే తాడు ముడి విప్పింది. పగిలిన వేళ్ళకు ముడి ఒక పట్టాన లొంగలేదు, పళ్ళతో లాగి విప్పింది. గుడ్డ తీసి, అంటుకున్న ఒక పురుగును ఆకుతో సహా ఎత్తి తొట్టిలో జాగ్రత్తగా దించింది. గుడ్డను దులిపి, నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది.

మూతి తెరుచుకోగానే పురుగులు వెలుతురు వైపు ఎక్కడం మొదలుపెట్టాయి. జల్లెడ గబుక్కున రెండు అరచేతులూ తొట్టి మీద కప్పింది. మెత్తగా, చల్లగా, బోలెడన్ని చిన్న కాళ్ళు అరచేతులను తడిమాయి.

"అక్కా" అంది. "అక్కా, ఒక్క మాట."

అక్క గేటు వైపు నడుస్తోంది. ఇస్త్రీ బట్టల వెనక భాగాన కాలవగట్టు ముల్లు ఒకటి గుచ్చుకుని ఉంది, ఆమె చూసుకోలేదు. వాచ్‌మన్ ఏదో పలకరించాడు, ఆమె బదులు చెప్పినట్టు లేదు. మెట్ల మీద వలపెట్టె చప్పుడు ఇంకా వినిపించలేదు. గదిలోంచి గేటు దాకా ఇరవై అడుగులు ఉండవు, పరుగెత్తితే అందుకోవచ్చు. చేతులు తీస్తే పురుగులు బల్లంతా పాకుతాయి.

జల్లెడ చేతులు తీయలేదు.